అయిదో మంచం మీద పుచ్చకాయ

ఏప్రిల్ 14

ఒరే ఆలుగడ్డా,

నవ్వకు. నీకు ముప్ఫై ఆరేళ్ళొచ్చినా, గడ్డం పెంచినా నాకు నువ్వు ఆలుగడ్డవే. పుట్టినప్పుడు నర్సమ్మ నిన్ను తువ్వాల్లో చుట్టి తెస్తే మీ నాన్న "ఇదేంటి, ఇప్పుడే తవ్వి తీసుకొచ్చారా?" అన్నాడు. అప్పట్నుంచీ ఇంట్లో అదే పేరు. ఇవానో అన్నది చర్చిలో, ఆఫీసుల్లో వాడుకోవడానికి.

నాకు రాయడం రాదని నీకు తెలుసు. అయిదో క్లాసు చదువు. నిద్రమాత్రలు వద్దన్నానని డాక్టరమ్మ రాయమంది. ఏం రాయాలి అంటే ఏదైనా అంది. ఎవరైనా చదువుతారా అంటే ఎవరూ చదవరంది. ఎవరూ చదవనిది ఎవరికి రాస్తాం? అందుకే నీకు.

నిన్న ఆదివారం దెబోరా వచ్చింది, నీ కూతురు నీవెస్‌ని తీసుకుని. పిల్ల పొడుగైంది, చిక్కింది. భోజనాలయ్యాక దెబోరా నెమ్మదిగా అంది, "అత్తయ్యా, ఆగస్టులో నీవెస్‌ని మా అమ్మావాళ్ళ దగ్గరికి కొండలకి పంపుదామనుకుంటున్నా."

"మరి సముద్రం?" అన్నాను.

"కారు నడిపేవాళ్ళు లేరు కదా."

అనేసి నాలుక కరుచుకుంది. లేచి, కడిగిన పళ్ళేలే మళ్ళీ కడగడం మొదలెట్టింది.

"రైళ్ళున్నాయి" అన్నాను నేను. ఎందుకన్నానో తెలీదు. అందరూ నా వైపు చూశారు. మన ఇంట్లో మీ నాన్న సైన్యం నుంచి తిరిగొచ్చిన రోజు తర్వాత ఎవరూ రైలెక్కలేదు.

"సరే అత్తయ్యా, నేను మాత్రం రాలేను. జూన్ నెలాఖరుకి ఎక్కడికి, ఎలా, ఎక్కడ ఉంటారో చెప్పండి. గట్టిగా అనిపిస్తే పంపుతా. లేకపోతే కొండలకే."

కొండలకి ఒకసారి వెళ్తే మళ్ళీ ఏడు కూడా అక్కడికే అంటుంది పిల్ల. అక్కడ ఆవుదూడలున్నాయి. దెబోరా వాళ్ళమ్మ మంచిది. అదే నా భయం.

ఏప్రిల్ 15

ఈ రోజు నీ కారులో కూర్చోలేదు.

ఏప్రిల్ 16

కాసేపే.

ఏప్రిల్ 22

కారు అలాగే ఉంది, వాకిట్లో, గుడ్డ కప్పి. దెబోరా అమ్మమంటుంది, మీ నాయనమ్మ వద్దంటుంది, నేను ఏమీ అనను. నాకు నడపడం రాదు. మీ నాన్నకి కంట్లో పొర, లైసెన్సు ఇవ్వనన్నారు. "నేను తోల్తాను" అంది మీ నాయనమ్మ. "యుద్ధమయ్యాక మా ఊళ్ళో ట్రాక్టరు తోలింది నేనే."

"అత్తయ్యా, మీకు ఎనభై ఎనిమిది."

"ట్రాక్టరుకి నా వయసు తెలుసేంటి?"

మీ నాన్న వంటింటి బల్ల మీద మ్యాపు పరిచాడు. ఉక్కు కార్ఖానాలో షిఫ్టు మేస్త్రీగా చేసిన మనిషి కదా, ఏ పనైనా కొలిమి వెలిగిస్తున్నట్టే చేస్తాడు. నువ్వు తీసుకెళ్ళే ఆ డేరాల చోటుకి స్టేషను నుంచి రెండు బస్సులు మారాలట. అది కుదరదు. "స్టేషనుకీ నీళ్ళకీ మధ్య నా బొటనవేలు పట్టకూడదు" అన్నాడు. తూర్పు ఒడ్డు పొడుగునా బొటనవేలు పెట్టుకుంటూ కిందకి దిగాడు. పట్టింది. పట్టింది. మళ్ళీ పట్టింది. మరోత్తా దగ్గర వేలు ఆగిపోయింది. అక్కడ రైలు పట్టాల గీతా నీలం రంగూ ఒకదాన్నొకటి ఆనుకున్నాయి.

"ఇదీ ఊరంటే. రైలు దిగితే కాలు నీళ్ళలోనే."

"ఆ బొటనవేలు గోళీలాడేటప్పుడే సూటిగా ఉండేది కాదు" అంది మీ నాయనమ్మ.

మే 6

హోటళ్ళు మన వల్ల కాదు. బట్టల దుకాణం తెరెజా చెప్పింది, అక్కడ సన్యాసినుల విడిది ఒకటుందని, మూడు పూటలా భోజనం పెట్టి కూడా తక్కువే తీసుకుంటారని. ఫోన్ చేశాను. చేసేముందు జుట్టు దువ్వుకున్నాను, ఎందుకో.

"ఎంతమంది తల్లీ?" అందావిడ. గొంతు ముసలిది, చల్లగా ఉంది.

"అయిదుగురం" అన్నాను.

తర్వాత, "కాదు, నలుగురం."

"నలుగురా అయిదుగురా తల్లీ?"

"నలుగురం సిస్టర్."

"సరే, అది ఎలాగూ అయిదు మంచాల గది. డబ్బు నలుగురికే ఇవ్వండి. ఒకటి ఖాళీగా ఉంటుంది, ఏం పర్లేదు."

ఏం పర్లేదంది.

రాత్రి పదికి గేటు వేస్తారట. తడి బట్టలతో భోజనాల గదిలోకి రాకూడదట. మీ నాయనమ్మకి చెబితే, "సన్యాసినుల వంటా? వాళ్ళకి ఉప్పు కూడా పాపమే. మన వంకాయ పళ్ళెం మనం పట్టుకెళ్దాం" అంది.

"మూడు పూటలా పెడతారత్తయ్యా."

"ప్రాణం నిలవడానికి పెడతారు. నేను తినడం గురించి మాట్లాడుతున్నా."

మే 7

కూర్చున్నాను. సీటు నువ్వు వెనక్కి తోసినచోటే ఉంది. నా కాళ్ళు అందవు.

మే 30

నీ కారు డిక్కీలో ఏం పట్టేదో ఇప్పుడు తెలుస్తోంది. మోయాల్సొచ్చేసరికి. మడత కుర్చీలు, మంచుపెట్టె, దుప్పట్లు, ఇంత పొడుగు గొడుగు. ఇప్పుడు మనిషికి రెండు చేతులు, అంతే. అందులో మీ నాయనమ్మది ఊతకర్రకే ఒకటి పోతుంది.

ఆవిడ తన సంచీలో ఏం పెట్టిందో చూశాను. కాఫీ కాచే గిన్నె పెద్దది, కాఫీ కాచే గిన్నె చిన్నది, ఉన్ని బనీను.

"రెండు కాఫీ గిన్నెలెందుకత్తయ్యా?"

"పెద్దది పాడైతే?"

"ఆగస్టులో ఉన్ని బనీనెందుకు?"

"రైలు కిటికీ గాలి మెడకి తగిలి నేను మంచాన పడితే నన్ను మోస్తావా?"

అక్కడ గొడుగు అద్దెకిస్తారని తెరెజా చెప్పింది, వరసలు వరసలుగా వేసి ఉంటాయట. రోజుకి ఎంతో విని మీ నాన్న కుర్చీలో కూర్చున్నాడు. కాబట్టి ఉచితంగా వదిలేసిన ఇసుకలో మన గొడుగు మనమే వేసుకుంటాం.

మన గొడుగు నీ డిక్కీలో ఉంది.

జూన్ 8

డిక్కీ తెరిచాం.

ఇసుక.

జూన్ 20

ఈ రోజు జరిగింది రాస్తేగాని నిద్ర పట్టదు.

ప్రయాణానికి ముందు కసరత్తు చెయ్యాలన్నాడు మీ నాన్న. కార్ఖానాలో కొత్త యంత్రం వస్తే ముందు ఖాళీగా తిప్పి చూసేవాళ్ళట. అందుకని సామానంతా సర్ది, అందరం నెత్తిన టోపీలు పెట్టుకుని, ఇంటి నుంచి స్టేషనుకి నడవాలి. మెట్లు దిగాలి, ఎక్కాలి, తిరిగి రావాలి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నీ చెప్పాడు. ముందు మీ నాయనమ్మ, ఆవిడ నడకే అందరి నడక. తర్వాత నీవెస్, తర్వాత మంచుపెట్టెతో నేను. ఆఖర్న గొడుగు భుజానేసుకుని మీ నాన్న. గొడుగుతో వెనక్కి తిరిగినప్పుడల్లా ఎవరికో ఒకరికి తగిలేది.

వీధంతా కిటికీల్లోకొచ్చింది. రొట్టెల దుకాణం వాడు బయటికొచ్చి "రేమో బాబాయ్, ఇల్లు ఖాళీ చేయించారా ఏంటి?" అన్నాడు.

"కసరత్తు!" అన్నాడు మీ నాన్న.

"దేనికి?"

"సెలవులకి!"

వాడు మీ నాయనమ్మని చూసి టోపీ తీశాడు, ఊరేగింపులో విగ్రహం వెళ్తున్నట్టు. ఆవిడ కూడా చెయ్యూపింది.

స్టేషనుకి చేరాం. పట్టాల కింది దారి మెట్లు దిగాం, ఎక్కాం. అంతా బాగా జరిగింది. మీ నాన్న మొహం వెలిగిపోయింది, కొలిమి మొదటిసారి అంటుకున్నప్పటిలా. ఆ ఉత్సాహంలో "ఇప్పుడు టికెట్లు" అని జేబులోంచి తీశాడు. ఆగస్టుకని నిన్ననే కొనిపెట్టుకున్నవి, నలుగురికి, రానూపోనూ. రెండు నెలలు ఎప్పుడైనా చెల్లుతాయి, ప్లాట్‌ఫారం మీద పసుపు డబ్బాలో పెట్టి తేదీ ముద్ర వేయించుకునేదాకా. ముద్ర పడిందా, ఇక ఆ రోజు ప్రయాణానికే.

అన్నీ ముద్ర వేయించాడు. ఒక్కొక్కటే. టిక్కు, టిక్కు, టిక్కు. పోనివీ, రానివీ. ఆ చప్పుడు ఎంత బాగుందో అన్నట్టు చూశాడు.

ముందు నీవెస్‌కి అర్థమైంది. "తాతయ్యా, మరి ఇప్పుడు మనం నిజంగా వెళ్ళాలా?"

మీ నాన్న టికెట్ల వైపు చూశాడు. డబ్బా వైపు చూశాడు. గొడుగు జారి కింద పడింది.

"నా ట్రాక్టరుకి ముద్ర అక్కర్లేదు" అంది మీ నాయనమ్మ.

పక్కనే ఉన్న దుకాణంలో అందరికీ ఐస్‌క్రీం కొనిపెట్టాడు. పోయిన దాని మీద ఇంకో ఖర్చు. అలాగే తిరిగొచ్చాం, అదే వరసలో. రొట్టెల వాడు "ఎలా జరిగాయి సెలవులు?" అని అడిగాడు.

జూన్ 21

పిల్ల వాళ్ళమ్మకి చెప్పకుండా ఉంటుందా. దెబోరా ఫోన్ చేసింది. అయిపోయింది అనుకున్నాను.

"అత్తయ్యా, కసరత్తులోనే టికెట్లు అయిపోయాయట కదా."

"అవును."

అటు నుంచి ఏదో చప్పుడు. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఆపుకోలేక నవ్వుతోంది, మాట రావట్లేదు. నువ్వు వెళ్ళిపోయిన నవంబరు తర్వాత దెబోరా నవ్వు వినడం ఇదే. నేనూ నవ్వాను. మీ నాన్న వంటింట్లోంచి "ఏమంటోంది, ఏమంటోంది?" అని.

తర్వాత ఆగి, "తీసుకెళ్ళండి అత్తయ్యా. ఒక్కటే మాట. దాన్ని నీళ్ళలోకి దింపండి. ఈ ఏడు చేతులకి కట్టే గాలిబుడగలు లేకుండా ఈదిస్తానని ఇవానో మాటిచ్చాడు. అది ఎవరికీ చెప్పదు. కానీ సముద్రం సముద్రం అని దాని గోలంతా అందుకే. ఒడ్డున కూర్చోబెట్టి వెనక్కి తీసుకొచ్చేశారంటే, మళ్ళీ ఏడు నేను పంపను" అంది.

దింపుతానన్నాను. ఎందుకు దింపను.

ఆగస్టు 3, మరోత్తా

వచ్చేశాం. ఫాల్కొనారాలో రైలు మారాం. మెట్లు దిగాం, ఎక్కాం, ఎవరూ తప్పిపోలేదు. జనం మాకు దారిచ్చారు. "కసరత్తు లేనివాళ్ళని చూడు, ఎలా పరిగెడుతున్నారో" అన్నాడు మీ నాన్న.

వంకాయ పళ్ళెం ఫాబ్రియానో స్టేషను దాటగానే విప్పింది మీ నాయనమ్మ. పెట్టెంతా వాసన. ఎదురుగా కూర్చున్న కుర్రసైనికుడికి రెండు ముక్కలు పెట్టింది. వద్దన్నాడు. "వద్దంటే ఎలా, మోయాల్సింది మేము" అంది.

నిజంగానే రైలు దిగితే సముద్రం. మీ నాన్న తన బొటనవేలు చూసుకున్నాడు.

గదిలో అయిదు మంచాలు, తెల్ల దుప్పట్లు. స్టేషను దగ్గర బండి మీద మీ నాయనమ్మ పుచ్చకాయ కొనిపించింది, ఎత్తలేనంతది. ఎక్కడ పెట్టాలి? నేల మీద పెడితే దొర్లుతోంది. అయిదో మంచం మీద పెట్టింది, దిండు మీద.   కాసేపటికి నీవెస్ దానికి దుప్పటి కప్పింది.

ఆగస్టు 4

పొద్దున్నే పిల్ల బాగా తింది, రొట్టె, జామ్, పాలు. తిన్నాక మూడు గంటలు నీళ్ళలోకి దిగకూడదు కదా. కూర్చున్నాం. మూడు గంటలయ్యేసరికి మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. తిన్నాం. మళ్ళీ మూడు గంటలు.

రేపు దిగుతుంది.

ఆగస్టు 5

రేపు. ఈ రోజు సమయం అయిపోవచ్చే వేళకి పిల్ల మొహం నీరసంగా కనిపించింది, పీచ్ పండు కోసి పెట్టాను. పండు తిన్నా మూడు గంటలేనా అని మీ నాన్న అడిగాడు. పండు కూడా తిండేగా.

ఆగస్టు 6

కొబ్బరి ముక్కలవాడు అరుచుకుంటూ వచ్చాడు. ఒక్క ముక్క కొన్నాను. పిల్ల అడగలేదు, కానీ చూసింది. చూసిందనే అనుకుంటున్నా.

సాయంత్రం దెబోరా ఫోన్. "దిగిందా?" "రేపు" అన్నాను. 

ఆగస్టు 7

అలలు.

మీ నాన్న అంటాడు అలలు లేవని, సముద్రం సూపు పళ్ళెంలా ఉందని. ఇక్కడ నీళ్ళు బొడ్డు దాకా రావాలంటే ఎంతో దూరం నడవాలి, నడిచి నడిచి జనం విసుగొచ్చి వెనక్కొస్తారు. అయినా నాకు అలలు కనిపించాయి.

ఆగస్టు 8

పొద్దున నీవెస్ నోరు మూసుకుని కూర్చుంది. రొట్టె ముట్టలేదు. పాలు ముట్టలేదు.

"తినమ్మా."

"తింటే దిగనివ్వవుగా నానమ్మా."

 ఒడ్డుకి వెళ్ళాక సంచీలోంచి పీచ్ పండు తీశాను, చాకు తీశాను. అలవాటు. మీ నాయనమ్మ గొడుగు కింద ఉన్ని బనీనుతో కూర్చుని చూస్తోంది.

"ఒర్నెల్లా" అంది. ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం తక్కువ. "పిల్లకి తిండి పెడుతున్నావా, లంగరు వేస్తున్నావా?"

"చిక్కిపోయిందత్తయ్యా."

"వాడు తినకుండా వెళ్ళాడని దీని కడుపు ఎన్నిసార్లు నింపుతావే?"

మీ నాన్న లేచి గొడుగు సరిచెయ్యడం మొదలెట్టాడు. గొడుగు బాగానే ఉంది.

ఆ రోజు పొద్దున నువ్వు పనికి వెళ్తూ ఇటొచ్చావు. కాఫీ తాగావు, నిలబడే. రొట్టె కోశాను. "టైం లేదమ్మా, వచ్చాక తింటా" అన్నావు. మధ్యాహ్నం ఫోనొచ్చింది, నీ గుండె ఆగిందని. సాయంత్రం దాకా ఆ రొట్టె బల్ల మీదే ఉంది. ఇన్నాళ్ళూ రాయలేదు. ఎవరూ చదవరుగా, అందుకని రాస్తున్నా.

పీచ్ పండు నేనే తినేశాను. నీవెస్ నా నోటి వైపే చూస్తోంది, ఆఖరి ముక్క దాకా. "నానమ్మా, ఇప్పుడు నువ్వు మూడు గంటలు దిగకూడదు" అంది.

"రేపు దిగుదాం. నేనూ వస్తా. ఇద్దరం ఏమీ తినం."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆగస్టు 9

చిన్నదాన్నప్పుడు కూడా నేను మోకాళ్ళ పైకి దిగలేదు. ఈ రోజు గౌనుతోనే దిగాను. పిల్ల నా చెయ్యి పట్టుకుంది, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, దాని కడుపు గుర్రుమంటుంటే నాకు వినిపిస్తోంది. నడిచాం, నడిచాం, నడిచాం. నీళ్ళు ఇంకా మోకాళ్ళ దగ్గరే. వెనక్కి తిరిగితే గొడుగు అగ్గిపుల్లంత. మీ నాన్న ముందే వెళ్ళి నిలబడ్డాడు, ఛాతీ దాకా, చేతులు చాపి, కొలిమి ముందు నిలబడ్డట్టు.

నీళ్ళు నా నడుము దాకా వచ్చాక, దాని గాలిబుడగలు విప్పి నా మెడలో వేసుకున్నాను. నీవెస్ బోర్లా పడుకుంది. నా చెయ్యి దాని పొట్ట కింద. ఖాళీ పొట్ట, చల్లగా, చేపలా.

"నాన్న ఇలాగే పెట్టేవాడు చెయ్యి. తర్వాత తీసేసేవాడు, చెప్పకుండా" అంది.

"నేను చెప్పి తీస్తా."

"చెప్పకు నానమ్మా. చెబితే మునుగుతాను."

చెప్పలేదు.

తీశాను. నీళ్ళు తన్నింది, ఉప్పునీళ్ళు మింగింది, దగ్గింది, మళ్ళీ తన్నింది. తాతయ్యని చేరింది. మీ నాన్న దాన్ని ఎత్తి అరిచాడు, ఒడ్డున ఉన్నవాళ్ళంతా ఎవరో మునిగిపోయారనుకుని లేచారు. నేను అక్కడే నిలబడ్డాను. చెయ్యి నీళ్ళలో అలాగే ఉంది, ఏమీ లేని చోట. కాసేపు.

గొడుగు దగ్గర మీ నాయనమ్మ ఊతకర్ర పైకెత్తి ఊపుతోంది.

మధ్యాహ్నం నీవెస్ సిస్టర్ల చప్పిడి పాస్తా మూడు పళ్ళేలు తింది. నాలుగోది అడిగితే ముసలి సిస్టరు కళ్ళు తుడుచుకుంది, ఆవిడ వంటకి అలా ఎవరూ అడగలేదేమో. నేనూ రెండు తిన్నాను. చాలా రోజులైంది.

దెబోరాకి ఫోన్ పిల్లే చేసింది, అంతా అదే చెప్పింది, ఊపిరి తీసుకోకుండా. తర్వాత నాకిచ్చింది. అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు.

"అత్తయ్యా, ఆ గదిలో అయిదో మంచం ఖాళీయేనా?"

"పుచ్చకాయ ఉంది" అన్నాను.

"మళ్ళీ ఏడాదికి దాన్ని లేపండి. నేనొస్తా."

ఆగస్టు 10

పుచ్చకాయని కోసేశాం. సిస్టర్లకి కూడా పెట్టాం. రాత్రి అయిదో మంచం మీద ఏమీ లేదు. దుప్పటి సరిచేశాను, అంతే.

ఆగస్టు 17, ఇల్లు

తిరిగొచ్చాం, ఎండకి నల్లబడి. రొట్టెల వాడు "మళ్ళీ కసరత్తా?" అన్నాడు. "కాదు, ఇది నిజంగానే" అని మీ నాన్న టికెట్ మీద ముద్ర చూపించాడు.

గొడుగు తీసుకెళ్ళి డిక్కీలో పెట్టాను. దాని మడతల్లోంచి ఇసుక రాలింది, పోయినేటి ఇసుక మీద. తుడవలేదు. తర్వాత కారులో కూర్చున్నాను. కాసేపే అని రాయను, చాలాసేపే కూర్చున్నాను. సీటు ముందుకి జరుపుకున్నాను, రెండు గాట్లు. నా కాళ్ళు అందాయి. కోప్పడకు.

నీ కూతురు ఈదుతోంది రా ఆలుగడ్డా. దెబోరా నవ్వుతోంది. మీ నాన్న అప్పుడే వచ్చే ఏడాది మ్యాపు తీశాడు, మీ నాయనమ్మ అప్పుడే తిడుతోంది. ఇంట్లో రొట్టె ఉంది, వంకాయలు పొయ్యి మీద ఉన్నాయి, నేనూ తింటున్నాను. నువ్వున్న చోట ఏం పెడతారో, ఉప్పు వేస్తారో లేదో, నాకెవరూ చెప్పరు. ఏం పెట్టినా వద్దనకు. నిలబడి కాదు, కూర్చుని, నిదానంగా, బాగా తిను నాన్నా.